పదకొండో పూస

మా ఫిన్లాండ్ మ్యాపులో ఉత్తరాన
రోడ్డు గీత సన్నబడి సన్నబడి చుక్కలైపోయే చోట
ముప్పై ఏళ్ళు లైబ్రరీ బస్సు నడిపాను.
ఎవరింట్లో ఏ పుస్తకం
ఎన్నో పేజీ దగ్గర ఆగిపోయిందో కూడా తెలుసు నాకు.
తైమి హిల్లాపళ్ళు ఎక్కడ కోస్తుందో మాత్రం తెలీదు.

ఎవరికీ తెలీదు.
మా వైపు అదో మర్యాద.
జీతమెంతో అడగొచ్చు, జబ్బేంటో అడగొచ్చు,
హిల్లా దొరికే చోటు అడగకూడదు.
మొగుడు బతికున్నన్నాళ్ళూ అతనికీ చెప్పలేదట.
"అడగలేదా?" అన్నాను.
"పెళ్ళయిన కొత్తలో ఒకసారి. తర్వాత బుద్ధొచ్చింది."

హిల్లా సంగతి మీకు తెలీదేమో.
ఎర్రగా ఉన్నన్నాళ్ళూ అది పచ్చిదే.
ఆ రంగు దిగి, తేనెరంగులోకి మెత్తబడితేనే పండినట్టు.
మొక్కకి ఒక్కటే పండు.
చిత్తడినేలలో మోకాలిదాకా దిగబడి
దోమలకి శిస్తు కట్టి
ఒక్కోదానికీ ఒక్కోసారి వంగాలి.

జులై చివర, రాత్రిక్కూడా వెలుతురు పోని రోజుల్లో
తైమి రెండ్రోజులు కనిపించేది కాదు.
మూడోనాడు ప్రతి గడప మీదా ఒక గాజుసీసా.
నా బస్సు మెట్టు మీదా ఒకటి,
గడువు దాటిన నవల పక్కన.
పళ్ళు పంచుతుంది, దారి పంచదు.
ఓసారి అడిగేశాను,
నీకు సంతోషం ఒక్కదానివే కోసేటప్పుడా, పంచేటప్పుడా అని.
"తలుపెయ్యి, దోమలొస్తున్నాయి" అంది.

మోకాలు మొరాయించిన ఏడాది నన్ను పిలిచింది.
"బకెట్లు మొయ్యడానికి మనిషి కావాలి, అంతే."
రెండు గంటల దారి నాలుగు గంటలు నడిచాం,
సగం ఆమె మోకాలి వల్ల,
సగం నన్ను తికమక పెట్టడానికి.

తీరా చేరాక, ఏముంది?
జూన్‌లోనే పువ్వుల్ని మంచు కాటేసింది.
కనుచూపుమేరా ఆకులే.
ఖాళీ బకెట్లు ఒకదాన్నొకటి తాకి మోగాయి.
నాకు ఏడుపొచ్చినంత పనైంది.
ఆమె మాత్రం పడిపోయిన పైన్ మొద్దు మీద కూర్చుని
బూట్లు విప్పింది, మేజోళ్ళు పిండింది,
కాఫీ ఫ్లాస్కు తీసింది.
ఆ మొద్దు ఒక్క మనిషి మేరకే
అరిగి నున్నబడి ఉంది.
పక్కనంతా గరుకు. అక్కడ కూర్చోమంది.

"పళ్ళు లేని ఏడు కూడా వస్తావా?"
"లేని ఏడే ఎక్కువసేపు ఉంటాను.
కోసే పని ఉండదుగా."

దొరికింది ఒకే ఒక్కటి, మొద్దు వెనకాల, గాలి సోకని మూల.
అరచేతిలో పెట్టి
పూసపూసా విడదీసి లెక్కపెట్టింది.
పదకొండు.
నీకైదు, నాకైదు.
ఆ పదకొండోది నాకే ఇస్తుంది, మనసున్న మనిషి కదా అని
నేను మొహమాటం సిద్ధం చేసుకునేలోపు
తన నోట్లో వేసుకుంది.
"చోటు నాది" అంది.

అంతకుముందు సీసాలకి సీసాలు తిన్నాను.
ఆ ఐదు పూసల రుచి వేరు.
అది పండు రుచో,
పక్కన కాఫీ చప్పరిస్తున్న మనిషి రుచో,
అన్నేళ్ళ గుట్టులో నాకూ ఇంత జాగా దొరికిన రుచో
విడదీయడం నా వల్ల కాలేదు.

తైమి పోయి ఆరేళ్ళు.
ఇప్పుడు నేనొక్కణ్ణే వెళ్తాను.
నున్నటి వైపు కూర్చోబోయి
మళ్ళీ గరుకు వైపుకే జరుగుతాను.
కాసేపు బావుంటుంది. చాలా బావుంటుంది.
ఆ బావుండడం ముదిరేకొద్దీ
ఎవరికైనా చెప్పాలని ఒళ్ళంతా దురద,
దోమలు నయం.
చెప్పేస్తే ఈ చోటుండదు.
చెప్పకపోతే నేనుండలేను.

నోట్లో నువ్వుగింజ నానని మనిషిని.
పంటి సందున ఇరుక్కున్న హిల్లా గింజని
నాలుకతో తడుముకుంటూ
ఇదుగో, మీకు చెప్పేశాను,
మొద్దు, మంచు, మేజోళ్ళు, పదకొండు పూసలు.

ఈసారి కాస్తే మీ గడపకీ ఓ సీసా పెడతాను.
దారి మాత్రం అడక్కండి.